ఎర్ర పట్టీ కింద రివిట్టు

గౌరీశు మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. తన చేతిలో ఉన్న వస్తువును అడిగినవాళ్ల చేతిలో పెట్టేవాడు. క్లాంపు ఎంత బిగించాలని అడిగితే క్లాంపు ఇచ్చి, బొటనవేలు నొప్పి పుట్టేదాకా బిగించమనేవాడు. ఆ తర్వాత అర చుట్టు వదలమనేవాడు. అంతే పాఠం. ఇలాంటి పాఠాలకు ఓర్చుకోలేక ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నెల తిరక్కుండానే వెళ్లిపోయేవాళ్లు. వెళ్లకుండా ఉండిపోయిన మనిషి నూకరత్నం ఒక్కతే. ఆమెకు అప్పటికి యాభై ఎనిమిదేళ్లు, ఆయనకు డెబ్బై దాటాయి.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కట్టిన హోటళ్లకూ ఆఫీసులకూ గోడల కంటే అద్దాలే ఎక్కువ. వారం తిరిగేసరికి సముద్రపు గాలి వాటి మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. నేల మీద నిలబడి ఆ అద్దాలను కడగడానికి పనివాళ్లు వాడే పొడవాటి కర్రను వాళ్లలో వాళ్లు గడ అంటారు. ఒకదానిలో ఒకటి దూరే అల్యూమినియం గొట్టాలతో చేసింది. మూస్తే మనిషంత ఉంటుంది, లాగితే మూడో అంతస్తు కిటికీని అందుకుంటుంది. కొసన బ్రష్షు తగిలిస్తారు. గొట్టానికీ గొట్టానికీ మధ్య పట్టుకోవడానికి ఒక క్లాంపు ఉంటుంది. లోపలి గొట్టం అడుగు నుంచి జానెడు పైన ఎర్ర రంగు పట్టీ ఒకటి వేసి ఉంటుంది. లాగుతున్నప్పుడు ఆ ఎర్ర పట్టీ కనిపించగానే ఆగిపోవాలి. ఆ జానెడూ లోపల ఉంటేనే బయట ఉన్నదంతా నిలబడుతుంది. కానీ పై వరస అద్దం ఇంకో నాలుగు వేళ్ల దూరంలో ఊరిస్తూ ఉంటే ఎర్ర పట్టీని చూసి ఆగే పనివాళ్లు తక్కువ.

అద్దాలకు పట్టే ఉప్పే గడలకూ పడుతుంది. తడిగా ఉన్నప్పుడే మూసి మూల పెడితే గొట్టాలు ఒకదాన్నొకటి కరుచుకుపోతాయి. అలాంటి గడలన్నీ ఐసు ఫ్యాక్టరీ వెనక ఉన్న గౌరీశు మేస్త్రి గదికి వచ్చేవి. ఆయన పడుచుతనమంతా ఓడల మీద ఫిట్టరుగా తిరిగాడు. ఎన్నో రేవుల్లో బతకడం వల్ల ఆయన మాటలో ఏ ఊరి యాసా మిగల్లేదు. మనుషులూ మిగల్లేదు. గదిలో ఒక బల్ల, నీళ్ల తొట్టి, గోడకు ఆనించిన గడలు ఉండేవి. పగలంతా ఐసు ఫ్యాక్టరీ మిషను గోడ అవతల హోరుమంటూ ఉండేది. అది ఆగిన రోజున గది మరీ ఖాళీగా ఉన్నట్టు తోచేదని నూకరత్నం అనేది.

మేస్త్రికి ఇంకో అలవాటు ఉండేది. బాగుచేసిన గడను మూసే ముందు ఎర్ర పట్టీ కింద, ఎప్పటికీ బయటికి రాని ఆ జానెడు మేరలో, మేకు మొనతో పైపైన మూడు గీట్లు గీసేవాడు. పని నేర్చుకున్నాక నూకరత్నానికీ ఒక చిన్న మేకు ఇచ్చాడు. ఆమెది రెండు గీట్లూ ఒక చుక్కా. గడ వాడేవాళ్లకు అవి కనిపించవు, గడ సొంతదారుకు కనిపించవు. మళ్లీ ఎప్పుడైనా దాన్ని విప్పే మనిషికే కనిపిస్తాయి. కొన్ని పాత గడల్లో చేపముల్లులాంటి గీట్లు ఉండేవి. అవి ఎవరివో మేస్త్రికి తెలియదు. ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. అయినా చేపముల్లు కనిపించిన రోజున ఆయన నెమ్మదిగా పనిచేసేవాడు. ఉప్పునంతా రుద్ది, ఆ గీట్ల దగ్గరికి వచ్చేసరికి గుడ్డతో మాత్రమే తుడిచేవాడు. "ఎవలు మేస్త్రీ?" అని నూకరత్నం ఒకసారి అడిగితే, "తెలియదు. చెయ్యి మంచిది," అన్నాడు, పక్క గదిలో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు.

నూకరత్నం అంతకు ముందు పద్దెనిమిదేళ్లు అద్దాలు కడిగింది. భుజం పడిపోయాక ఈ పనికి వచ్చింది. అద్దం అవతల మనుషులు అన్నాలు తింటూ, నవ్వుకుంటూ, పిల్లలకు నోళ్లు తుడుస్తూ ఉంటే ఇవతల గడ పట్టుకుని నిలబడేది. ఎంత శుభ్రంగా కడిగితే అంత తక్కువగా తను కనిపిస్తానని ఆమెకు తెలుసు. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఒక గది, ఒక స్టవ్వు, పొద్దున పనికి రావడం, సాయంత్రం వెళ్లడం. అలవాటైపోయిన ఒంటరితనం కనుక దాని గురించి ఎవరితోనూ చెప్పుకునేది కాదు. ఈ మధ్య మాత్రం ఆమెకు ఒక భయం పట్టుకుంది. మరిచిపోతోంది. పాలు పొయ్యి మీద పెట్టిన సంగతి, పక్కింటి కోడలి పేరు, తిన్నానా లేదా అన్నది. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే "నిన్ననే కదా చెప్పావు" అని విసుక్కుంటారు. ఆ విసుగును బట్టి ఎంత మరిచిపోయామో తెలుస్తుంది. ఆమె మీద విసుక్కునేవాళ్లు ఎవరూ లేరు. తను ఎంత పోగొట్టుకుందో తెలుసుకునే దారి కూడా ఆమెకు లేకపోయింది.

అంతవరకూ ఓర్చుకుంది. కానీ పోయిన వారం ఆమె బిగించి గోడకు ఆనించిన గడలో రెండో క్లాంపుకు స్క్రూ లేదు. గడలు బయటికి పోయేముందు మేస్త్రి అన్నీ ఒకసారి చేత్తో తడుముతాడు గనుక చూశాడు. స్క్రూ ఆమె కొంగు ముడిలోనే ఉంది. ఆమె ముడి విప్పి ఇస్తే మేస్త్రి తీసుకుని బిగించాడు. కానీ ఆ గడ అలాగే వెళ్లిపోయి ఉంటే, పైన గొట్టం జారితే, కింద ఎవరుండేవాళ్లో అన్న ఆలోచన ఆమెను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

మంగళవారమని కొందరు, బుధవారమని కొందరు నాకు చెప్పారు, బుధవారమనే రాస్తున్నాను. ఆ రోజు నూకరత్నం గదిలోకి వచ్చి కూర్చోలేదు. గొట్టాలు తిప్పడానికి పట్టుగా చుట్టుకునే సైకిలు ట్యూబు ముక్కలను కడిగి మడత పెట్టి తెచ్చింది. వాటిని బల్ల మీద పెట్టి, వాటి మీద తన మేకు పెట్టింది.

"మేస్త్రీ, ఒక మాట అడుగుతాను. నా సేతికేటీ ఇవ్వకండి. నోటితో సెప్పండి."

మేస్త్రి తలెత్తాడు.

"మర్సిపోయే మనిషి సేతికి గడ ఇయ్యొచ్చా? నాను సేసింది నాకే గురుతు రానప్పుడు, నాను సేసినట్టేనా? అది సెప్పండి, ఎల్లిపోతాను. సెప్పకపోయినా ఎల్లిపోతాను. ఒకళ్ల మీద గడ పడ్డాక ఎల్లడం కన్నా ఇదే నయం."

మేస్త్రి మేకు వైపు చూశాడు. ఆయన ఏమనేవాడో గాని, అప్పుడే గుమ్మంలో దాలయ్య కనిపించాడు. బీచి రోడ్డులో ఒక హోటలుకు అద్దాలు కడిగే మనిషి. నలభై ఐదేళ్లుంటాయి, నోరు ఊరుకోదు. భుజం మీద ఒక గడ.

"మేస్త్రిబాబూ, గడ కరిసేసుకుంది. మూడు రోజులై నాగుతున్నాను, ఊడదు. నా సేతులే ఊడిపోయేలాగున్నాయి." గడను బల్ల మీద దించి నూకరత్నాన్ని చూశాడు. "పిన్నీ, నువ్వూ ఉన్నావా. మంచిదే. నీ మీదే ఫిర్యాదు."

"నా మీదేటి?"

"ముందు ఇప్పండి, సెప్తాను."

మేస్త్రి గడను తీసుకెళ్లి తొట్టిలో ముంచాడు. గోరువెచ్చని నీళ్లు పోసి కాసేపు వదిలాడు. ఎంత బిగుసుకున్నా ఆయన నూనె వేసేవాడు కాదు. నూనె వేస్తే ఇవాళ జారుతుంది, రేపు ఇసుక పట్టి మళ్లీ కరుచుకుంటుంది, ఎల్లుండి క్లాంపు పట్టదు. తర్వాత గడను బయటికి తీసి ఒక కొసను తాను పట్టుకుని రెండో కొసను నూకరత్నం ముందుకు చాపాడు.

"ఇదిగో, ఇచ్చేసారు," అంది ఆమె. అయినా ట్యూబు ముక్క విప్పి చేతికి చుట్టుకుని పట్టుకుంది. బిగుసుకున్న గడను ఇద్దరు చెరో వైపూ తిప్పాలి, ఒక్కరి వల్ల కాదు. నూకరత్నం రాకముందు మేస్త్రి ఒక కొసను కిటికీ కమ్మీకి తాడుతో కట్టి తిప్పేవాడు. కమ్మీ మీద ఆ తాడు ఒరుసుకున్న చారలు ఇంకా ఉన్నాయి.

ఇద్దరూ తిప్పారు. కదల్లేదు. ఊపిరి బిగపట్టి ఇంకోసారి తిప్పారు. లోపల ఎక్కడో కిర్రుమంది, తెల్లటి ఉప్పు పొడి రాలింది, గొట్టం వదిలింది. అడుగు బిరడా తీసి గొట్టాలను కింది వైపు నుంచి ఒక్కొక్కటే లాగి బల్ల మీద వరసగా పరిచారు. మూడో గొట్టం దగ్గర మేస్త్రి చెయ్యి ఆగింది. ఎర్ర పట్టీ ఉండాల్సిన చోట లేదు. నాలుగు వేళ్లు పైకి ఉంది. పాత పట్టీని గీకేసిన మచ్చ ఇంకా తెలుస్తోంది. కొత్త పట్టీ కింద బొడిపెలాంటి చిన్న ఇత్తడి రివిట్టు కొట్టి ఉంది. పట్టీ కనిపించాక ఎవరైనా ఇంకా లాగితే ఆ రివిట్టు బయటి గొట్టం మూతి దగ్గర ఉండే వలయానికి లోపలి నుంచి తగిలి ఆపేస్తుంది.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు మేస్త్రి.

"నాకేటి తెల్సు," అంది నూకరత్నం. "మనం రివిట్లు కొట్టం గదా. ఎవలో బయటోళ్లు సేసుంటారు."

మేస్త్రి గొట్టాన్ని ఆమె వైపు తిప్పాడు. రివిట్టు పక్కన ఉప్పు తుడిచిన చోట రెండు గీట్లూ ఒక చుక్కా ఉన్నాయి.

నూకరత్నం వేలితో వాటిని తడిమింది. ఇంకోసారి తడిమింది. రివిట్టు కొట్టడానికి గొట్టానికి బెజ్జం వెయ్యాలి, ఇత్తడి ముక్క కొయ్యాలి, తల నున్నగా రాయాలి, పూట పడుతుంది. ఆ పూటలో ఒక్క క్షణం కూడా ఆమెకు దొరకలేదు. ఏ రోజో, ఎండో వానో, అప్పుడు తను ఏం అనుకుందో ఏమీ గుర్తు లేదు. బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"సూసారా మేస్త్రీ," అంది చిన్నగా. "నాను అడిగిందిదే."

దాలయ్యకు ఈ సంగతులేవీ తెలియవు. "నీ గీట్లేనా అవి? అయితే ఒప్పుకున్నట్టే," అన్నాడు. "రెండేళ్ల కిందట ఇదే బల్ల కాడ నువ్వు నన్ను తిట్టిన తిట్లు నా పెళ్లాం కూడా తిట్టనేదు. 'ఎర్ర పట్టీ దాటించి నాగితే నీ గడ నీ నెత్తి మీద పడినా పరవానేదు, కిందన పోయేవోళ్ల నెత్తి మీద పడుద్ది, నువ్వు సెప్తే ఇనే రకం కాదు, ఉండు నీ పని సెప్తాను' అని ఇది కొట్టినావు. మేస్త్రిబాబు ఆ పూట కళ్లాసుపత్రికెల్లారు. అప్పట్నించి నా బతుకు సూడు. పై వరస అద్దాలు నాలుగు వేళ్ల మేర అందవు. మసకమసకగా అలాగే ఉంటాయి. సూపర్‌వైజరు రోజూ కింద నిలబడి వేలు పెట్టి సూపించి మరీ తిడతాడు. ఇవాళ ఇది తీసీమని అడగడానికే ఒచ్చాను."

నూకరత్నం ఎవరో వేరే మనిషి గురించి వింటున్నట్టు వింది. ఆ తిట్లు తనవేనని ఒప్పుకోవచ్చు, అలాగే తిట్టి ఉంటుంది. కానీ గుర్తు రాలేదు.

మేస్త్రి రివిట్టును కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. ఇత్తడి తల మీద ఒక వైపు లోతుగా నొక్కు పడి ఉంది. ఊరికే లాగితే పడే నొక్కు కాదది.

"ఇది ఎప్పుడు తగిలింది?" అన్నాడు.

దాలయ్య తల గోక్కున్నాడు. "తగుల్తానే ఉంటాది గదా."

మేస్త్రి చూస్తూనే ఉన్నాడు.

"పోయిన ఆషాడంలో," అన్నాడు దాలయ్య చివరికి. గొంతు తగ్గింది. "గాలుంది. ఒద్దనుకుంటానే గడ ఎత్తాను. పై వరస కోసం నాగేను, ఇది అడ్డుకుంది, తిట్టుకున్నాను. క్లాంపు సరిగ్గా ఎయ్యనేదు. సముద్రం కాడ నుంచి ఒక్క ఇసురు ఒచ్చింది బాబూ. గడ విల్లులాగ ఒంగిపోయింది. పై రెండు గొట్టాలూ బ్రష్షుతో సహా ఎగిరిపోతన్నాయనుకున్నాను. టక్కుమంది. అంతే. ఊడనేదు. నేనలా పట్టుకుని నిలబడిపోయాను."

"కింద?"

"కిందన బజ్జీల బండి. మూకుడు నిండా నూనె మరుగుతోంది. బండి ఎనకాల ఆవిడ, ముందర ఇస్కూలు పిల్లలు ఏడెనిమిది మంది. సరిగ్గా గడ కిందనే." దాలయ్య నవ్వబోయాడు గాని రాలేదు. "ఆవిడ తలెత్తి కూడా సూడనేదు. నేను నోరెల్లబెట్టి సూస్తంటే 'ఏటలా సూస్తావు, కావాలంటే తిను, యేడిగున్నాయి' అంది. నాలుగు బజ్జీలు తిన్నాను. రుచి తెల్దు."

"ఎవరికైనా చెప్పావా?"

"ఏటని సెప్తాను బాబూ? పడితే సెప్తారు గాని పడకపోతే ఏటి సెప్తారు?"

గోడ అవతల ఐసు మిషను హోరు వినిపిస్తోంది. దాలయ్య రివిట్టు వైపు ఒకసారి చూసి, "ఒగ్గెయ్యండి. ఉండనీయండి," అన్నాడు. "సూపర్‌వైజరు తిట్లకి సచ్చిపోను. పిన్నీ, బేగి కట్టీ, మధ్యాన్నం డ్యూటీ ఉంది." గుమ్మం బయట మెట్టు మీదకు వెళ్లి కూర్చున్నాడు.

మేస్త్రి గొట్టాలు కడగడం మొదలుపెట్టాడు. నూకరత్నం కూడా లేచి ఒక గుడ్డ తీసుకుంది. ఉండమని ఆయన అనలేదు, ఉంటానని ఆమె అనలేదు. కడిగారు, నీడలో ఆరబెట్టారు, లోపల గుడ్డ దూర్చి తడి లేకుండా తుడిచారు. నొక్కు పడిన రివిట్టును మేస్త్రి తీసి కొత్తది కొట్టమన్నాడు. నూకరత్నం ఇత్తడి ముక్క కోసింది. తల రాసేటప్పుడు, పదునుగా ఉండిపోతే బయటి గొట్టాన్ని లోపల గీరుతుందని ఎవరూ చెప్పకుండానే ఆకురాయి తిరగేసి సన్న వైపుతో నున్నగా రాసింది. రాస్తూ రాస్తూ ఆగి తన చేతి వైపు చూసుకుంది. చెయ్యి మళ్లీ పనిలో పడింది. క్లాంపులు బిగించాక వాటి స్క్రూలను ఆమె ఒకసారి పైకి లెక్కపెట్టింది. మేస్త్రి తన వేళ్లతో ఒక్కొక్కటే తడిమి చూశాడు, ఎప్పటిలాగే.

మూడో గొట్టం ఒక్కటి లోపలికి దూర్చడం మిగిలింది. బయట ఎండ ఎక్కింది. దాలయ్య మెట్టు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లెవరినో పేరు పెట్టి పిలిచి ఎగతాళి చేస్తున్నాడు. మేస్త్రి బల్ల మీద మడతపెట్టి ఉన్న ట్యూబు ముక్కల మీద నుంచి మేకు తీసి నూకరత్నం ముందు పెట్టాడు.

"గీటు పెట్టు."

ఆమె మేకు తీసుకోలేదు. పాత గీట్ల వైపు చూసింది. అవి ఆమెకు ఇంకా పరాయివిగానే ఉన్నాయి, చేపముల్లు గీట్లలాగే.

"రేపటికి ఇది కూడా మర్సిపోతాను మేస్త్రీ," అంది.

మేస్త్రి గొట్టాన్ని ఆమె చేతికి అందేలా తిప్పి పట్టుకున్నాడు.

"మరిచిపో," అన్నాడు. "ఎవరో విప్పుతారు."